మా తండ్రిగారి బండి



గత సంవత్సరము నేనొక ట్యాంకు కట్టుచున్నానని మా గ్రామములో వదంతి పుట్టెను. అది నిజమే. కాని వినినవారు దానిని వేఱొకరీతిగ గ్రహించిరి. ఎదురింటి రైతు ఒకనాటి ఉదయమున మా యరుగుమీద కూర్చుండి, ఇసుక ఎంత పట్టినది, తాపీమేస్త్రి ఎవరు, మిద్దెమీద కట్టించుచున్నారా, దొడ్డిలోనా అని యడుగసాగెను. నేను లోపలికి పోయి, జానెడు పొడవుగల బూడిదరంగు వస్తువు నొకదానిని అరచేతిలో నుంచుకొని వచ్చి చూపితిని. అతడు దానిని కొంతసేపు ఇటునటు త్రిప్పి, "దీంట్లో నీళ్ళెక్కడ పోస్తారు మేష్టారూ?" అనెను.

ఆ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు. యుద్ధయంత్రమునకు ఆ పేరు నీళ్ళతొట్టి వలననే వచ్చినది. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆంగ్లేయు లీ యంత్రమును రహస్యముగ నిర్మించుచు, అసలు సంగతి బయటికి పొక్కకుండుటకై, అది నీళ్ళు మోయు తొట్టియని చెప్పిరి. 1916 సెప్టెంబరు 15వ తేదీన ఫ్రాన్సుదేశమున సోమ్ నదీప్రాంతములో అది తొలిసారిగ రణమునకు కదలినది. అప్పటికే మాఱుపేరు అసలుపేరై కూర్చున్నది. ఇక ఆ మాటకు పుట్టినిల్లు వెదకినచో మన పడమటితీరమే కానవచ్చుచున్నది. గుజరాతీ మరాఠీ భాషలలో నీటిని నిలువచేయు కట్టడమునకు 'టాంకే', 'టాంకుఁ' అను మాటలు కలవు. ఆంగ్లపద మిచ్చటినుండి పోయినదనియు, పోర్చుగీసువారి మాటయొకటి దానికి తోడుపడినదనియు నిఘంటుకారులు చెప్పుదురు. హైదరాబాదులో హుస్సేనుసాగరపు కట్టను నేటికిని ట్యాంకుబండనియే పిలుచుచున్నారు గదా! మన చెఱువు పేరు సముద్రము దాటిపోయి, ఇనుపకవచము తొడిగికొని, మరల మన సరిహద్దులకే వచ్చినది. ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు శబ్దార్థములు చెప్పినవాడను. ఈ మాట చెప్పకుండ ముందునకు పోలేకపోయితిని. మన్నింపుడు.

మా తండ్రిగారు మాత్రము దానిని ట్యాంకనరు. బండి యందురు. సైన్యములో వారందఱును అట్లే యందురట.

మాది పశ్చిమగోదావరి మండలము. తాడేపల్లిగూడెమునకు సమీపమున మాధవరమను గ్రామము కలదు. అచ్చటినుండి తరతరములుగా సైన్యమున చేరినవారు మిక్కిలిగా నుండుటచే దానికి మిలిటరీ మాధవరమనియే పేరు వచ్చినది. మా యూరు దానికి దూరము కాదు. ఆ గాలి మాకును సోకినది. మా తండ్రిగారు 18వ యేట ఇల్లు విడిచి 16వ లైట్ కావల్రీ యను దళమున చేరిరి. నేను మాతామహుల యింట పెరిగితిని. ఆయన పండితుడు. శబ్దమంజరి, అమరము, రఘువంశము వరుసగ చెప్పి నన్ను భాషాప్రవీణ పరీక్షకు పంపినది ఆయనయే. తండ్రిగారు సెలవుమీద వచ్చినప్పుడు ఒక రేకుపెట్టెయు, ఉన్నిచొక్కా వాసనయు ఇంటికి వచ్చెడివి; నెలదినములలో రెండును వెడలిపోయెడివి. ఆయన చేసిన యుద్ధమును గూర్చి నేనడుగలేదు, ఆయన చెప్పలేదు. పాఠశాలలో స్వాతంత్ర్యదినోత్సవమునకు వేదికమీద కూర్చుండబెట్టినచో, జెండాకు వందనముచేసి, రెండుమాటలు చెప్పి దిగివచ్చెడివారు. ఆ రెండుమాటలలోను యుద్ధము లేదు.

ఆయన చేరిన దళము సామాన్యమైనది కాదు. 1776లో ఆర్కాటు నవాబు కొలువున గుఱ్ఱపుదళముగ పుట్టి, పిమ్మట కుంపిణీవారి చేతికి వచ్చినది. నేటి భారతసైన్యపు కవచదళములలో నింతకంటె ప్రాచీనమైనది వేఱొకటి లేదు. దక్షిణదేశమువారితో నిండినది గాన అందు తెలుగు, తమిళము, మలయాళము, కన్నడము నాలుగును వినవచ్చును. దళమునందలి అధికారపదవులను క్రమముగ భారతీయులకే యొసగవలెనని 1923లో కొన్ని దళములను ఎన్నుకొన్నప్పుడు అందిదియు నొకటి. రెండవ ప్రపంచయుద్ధమున బర్మారంగములో దీనికి నాయకత్వము వహించినవారు జయంతనాథ చౌధురిగారు. 1948 సెప్టెంబరున హైదరాబాదు సంస్థానమునకు సేనను నడిపించుకొని వచ్చి, అటుపిమ్మట అచ్చట సైనిక పరిపాలకుడుగా నున్నవారును వారే. 1965లో పాకిస్తానుతో యుద్ధము వచ్చునప్పటికి ఆయన భారత పదాతి, అశ్విక, శతఘ్నీదళముల కన్నిటికిని ప్రధానసేనాని. ఆ యుద్ధమున ఆయన పూర్వదళమునందు, 24 యేండ్ల వయస్సున, ఒక బండిని తోలుచున్న తెలుగువాడు మా తండ్రి.

తోలువాడనగా సారథి. ఈ మాట తట్టగానే నాకు సంజయుడు జ్ఞప్తికి వచ్చెను. భారతయుద్ధమును ధృతరాష్ట్రునకు కన్నులకు కట్టినట్లు చెప్పిన సంజయుడు సూతకులమువాడు, అనగా సారథుల కులమువాడు. వ్యాసు డాతనికి దివ్యదృష్టి నొసగెను. పగలు రాత్రి యను భేదము లేక సర్వమును చూచెను. మా యింటనున్న సారథియు అట్లే చూచియుండునని నేను చిన్ననాటినుండి యనుకొంటిని. చూచియు చెప్పకున్నాడని మనస్సులో కొంత నిష్ఠురము కూడ నుండెను. ఆ యపోహ ఎట్లు తొలగినదో చెప్పుటయే నేటి నా ప్రసంగము.

తండ్రిగారికి సహస్రచంద్రదర్శన శాంతి చేయవలసిన వయస్సు వచ్చినది. బట్టలు పెట్టుటకంటె వేఱేదైన చేయవలెనని నాకు తోచినది. హైదరాబాదులో నుద్యోగము చేయుచున్న మా మనుమడు అట్టపెట్టె యొకటి తెచ్చి నా ముందుంచి, "తాతయ్యా, ముత్తాతగారి ట్యాంకు. అతికించుకోవాలి, అంతే" యనెను. అంతే యను మాటలో ఎనిమిది నెలలున్నవని వానికి తెలియదు.

పెట్టె తెఱచి చూడగా, తీగకు కాసిన పిందెలవలె, సన్నని చట్రములకు అంటుకొనియున్న వందలకొలది ముక్కలు. ఒక్కొక్కదానిని చిన్న కత్తెరతో త్రుంచి, ఆకురాయితో నునుపుచేసి, జిగురుతో అతుకవలెను. కొన్ని ముక్కలు పెసరగింజంత. ఒకటి నేలమీద పడినచో ఇంటిల్లిపాదియు మోకాళ్ళమీద వెదకవలసినదే. నా భార్య చీపురు ముట్టుట మానివేసినది.

ఇట్టి నమూనాలు అసలు వస్తువులో 35వ వంతుగా చేయుట పరిపాటి. ఈ 35 ఎక్కడిదని నేను మనుమని నడుగగా వాడు తెలిసికొని చెప్పిన కథ విచిత్రమైనది. జపానుదేశమున షిజువొకా నగరమునందలి తమియా సంస్థవారు 1961లో పాంథరను జర్మను ట్యాంకునకు నమూనా చేసిరి. అది తనంత తాను కదలుటకై లోపల చిన్న మోటారును, బ్యాటరీలను ఇమిడ్చవలసివచ్చెను. అవి పట్టునంత పరిమాణమున బొమ్మను చేసి, తరువాత కొలిచి చూడగా అసలులో సుమారు 35వ వంతైనది. ఆ తరువాతివారును దానినే యనుసరించిరి. శాస్త్రము ముందా, ఆచారము ముందా యని తర్కించువారికి ఇది యొక దృష్టాంతము.

ఆ లెక్కన 7 మీటర్ల 60 సెంటీమీటర్ల యొడలు జానెడైనది. మూడు మీటర్ల నలుబది వెడల్పు పది సెంటీమీటర్లకు లోబడినది. మా తండ్రిగారు అయిదడుగుల ఆఱంగుళముల మనిషి. 35వ వంతున అయిదు సెంటీమీటర్లకు కొంచెము తక్కువ. బరువు లెక్క వేఱు. అది మూడుదిక్కులను తగ్గును. అసలుబండి 52 టన్నులు. దానినే యినుముతో ఇంత చిన్నదిగ చేసినచో కిలోకు మీద రెండువందల గ్రాములు తూగును. ఈ గుణకారమును పలకమీద వేసి మూడుసార్లు సరిచూచుకొంటిని, నమ్మకము కలుగక.

ఆ బండి పేరు సెంచూరియన్. రోమకుల సైన్యములో నూఱుగురికి నాయకుడైనవానికది బిరుదు. మన మాటలో శతాధిపతి. బ్రిటనువారు 1943లో దీని రూపకల్పన ఆరంభించిరి. జర్మనుల పెద్ద ట్యాంకులను ఎదుర్కొనుటకై ఉద్దేశించిన యీ యంత్రము తొలి నమూనాలు ఆఱు 1945 మేనెలలో ఐరోపాఖండమున దిగునప్పటికి అచ్చట యుద్ధమే ముగిసినది. ఎవరితో పోరుటకు పుట్టినదో వారితో పోరలేదు. కాని 1951లో కొరియాలో పోరినది, అటుపై అనేకదేశముల పక్షమున పోరినది. 1962 వఱకు 4,400కు పైగా తయారైనవి. మనదేశము 1950 తరువాతి దశకమున వీనిని కొన్నది. దీని యంత్రము పేరు మీటియర్. విమానములకై చేసిన మెర్లిన్ యంత్రమునకు తమ్ముడు. 650 గుఱ్ఱముల బలము. 650 గుఱ్ఱములు లాగినను ఆ బరువునకు గంటకు 35 కిలోమీటర్లకు మించి పరుగెత్తలేదు. ఇంక పెట్రోలు త్రాగుటలో అగస్త్యుడు. లోపల నలుగురు: నాయకుడు, గుఱిచూచువాడు, గుండ్లు నింపువాడు, వీరు మువ్వురును పై గోపురములో నుందురు. నాలుగవవాడు సారథి, ముందుభాగమున కుడిప్రక్క ఒంటిగా. ఆంగ్లేయులు లోపల నీళ్ళు కాగుటకు విద్యుత్తుతో పనిచేయు పాత్రను గూడ అమర్చిరి. యుద్ధము నడుమ తేనీరు కాచుకొనుటకు బయటికి దిగి ప్రాణములు పోగొట్టుకొనవలసిన పనిలేదు. ఈ యమరికను చేసినవానికి నా నమస్కారము.

ఇంతవఱకు పుస్తకములు చెప్పినవి. చిక్కు ఇకమీద వచ్చినది. నమూనాకు రంగు వేయవలెను. ఏ రంగు? కొత్తబండియా, దెబ్బతిన్న బండియా? బురదయా, దుమ్మా? గొట్టము ఏ దిక్కునకు తిరిగియున్నది? తలుపులు మూసియున్నవా, తెఱచియున్నవా? అన్నిటికిని మూలమైన ప్రశ్న ఒక్కటియే: ఇది ఏనాటి బండి?

చరిత్ర వ్రాయువాడు "ఆ దినములలో" అని తప్పించుకొనవచ్చును. ప్రతిరూపము చేయువానికి ఆ సౌకర్యము లేదు. తలుపు మూసియైన ఉండవలెను, తెఱచియైన ఉండవలెను. ఈ చిక్కు నాకంటె ముందు ఒక మహానుభావునకు వచ్చినది. విలియం సైబర్న్ అను ఆంగ్ల సైనికాధికారి, 1815 జూను 18వ తేదీన జరిగిన వాటర్లూ యుద్ధమునకు గొప్ప నమూనా చేయదలచెను. యుద్ధభూమికి పోయి నెలలకొలది నివసించి, మిట్టపల్లములను కొలిచెను. ఆనాటి సాయంకాలము ఏడుగంటల ప్రాంతపు క్షణమును చూపదలచి, బ్రతికియున్న అధికారుల కందఱికిని జాబులు వ్రాసెను: ఆ గంటకు మీ దళ మెక్కడ నున్నది? మీ యెదుట నెవరున్నారు? పొలములో ఏ పైరున్నది? వందలకొలది ప్రత్యుత్తరములు వచ్చినవి. నమూనా 1838లో లండనునగరమున ప్రదర్శింపబడెను. అందు 75,000 చిన్నప్రతిమలు. తాను కనుగొన్నదాని ననుసరించి మిత్రపక్షమైన ప్రష్యావారిని ముందునకు తెచ్చి నిలిపినందులకు విజయియైన వెల్లింగ్టను ప్రభువునకు అసంతుష్టి కలిగినది. తుదకు సైబర్న్ ప్రష్యా ప్రతిమలను వేలకొలదిగ తొలగింపవలసివచ్చెను. అయినను ఆ జాబుల బలముతో ఆయన 1844లో వ్రాసిన చరిత్రగ్రంథము నిలిచినది. బొమ్మలు చేయబోయి చరిత్రకారుడైనాడు. ఆయనకు జాబులు వ్రాయుటకు వందలమంది దొరకిరి. నాకు పడకకుర్చీలో ఒక్కడు.

ఆయన నడుగకముందు గ్రంథములు చదివితిని. పాఠము సిద్ధపఱచుకొనకుండ తరగతికి పోవు నలవాటు లేదు. 1965 సెప్టెంబరు 8వ తేదీ ఉదయమున మన 1వ కవచసేనావిభాగము సియాల్కోటు రంగమున సరిహద్దు దాటెను. ముందు నడిచిన దళములలో 16వ కావల్రీ యొకటి, 17వ హార్స్ అనబడు పూనా హార్సు ఒకటి. గడ్గోరు గ్రామప్రాంతమున పాకిస్తానువారి 25వ కావల్రీ అమెరికాదేశపు ప్యాటన్ ట్యాంకులతో అడ్డగించినది. ఉభయులకును నష్టము కలిగినది. మన గమనము అచ్చట ఆగినది. 11వ తేదీన ఫిల్లోరా మన వశమైనది. ఆ దెబ్బ ప్రధానముగ 4వ హార్సు, 17వ హార్సు దళములది. పిమ్మట చావిండా పట్టణముమీదికి జరిగిన దాడులు ఫలింపలేదు. ఇది చెప్పుటకు కొందఱు సంకోచింతురు. ఫలింపలేదన్నచో పోరినవారికి తక్కువ యేమియు కాదు.

ఆ రంగమున పూనా హార్సును నడిపిన అర్దెషిర్ తారాపూరుగారిని తెలుగుదేశమువారు ప్రత్యేకముగ తలచుకొనవలెను. ఆయన బొంబాయిలో పుట్టిన పారసీకుడు. కాని సైనికజీవితము నారంభించినది హైదరాబాదు సంస్థానసైన్యములో. శిక్షణ సమయమున క్రొత్తవా డొకడు విసరిన చేతిబాంబు సమీపముననే పడగా, తారాపూరుగారు దుమికి దానిని తీసి విసరివేసిరి. అది ప్రేలి ఆయన ఱొమ్మున గాయమైనది. దానికి మెచ్చి సంస్థాన సేనాధిపతి ఎల్ ఎద్రూసు ఆయన కోరిన లాన్సర్సు దళమునకు మార్చెను. 1965లో గాయపడియు వెనుకకు పోవ నిరాకరించి, సెప్టెంబరు 16న బుతూరు డోగ్రాండీకడ తన ట్యాంకులో వీరమరణ మొందిరి. పరమవీరచక్రము లభించినది.

ఇవన్నియు ఒక కాగితముమీద తేదీలవారీగ వ్రాసికొని తండ్రిగారి యెదుట కూర్చుంటిని. నా మనస్సులో 11వ తేదీ స్థిరపడియుండెను. గెలుపునాడు గదా. మా మనుమడు ప్యాటన్ నమూనా గూడ తెత్తుననెను. దానిని కాల్చిన గుర్తులతో ప్రక్కన పడవేసి, శతాధిపతిని మిట్టమీద నిలుపవచ్చును. చిన్నజెండా గూడ కాగితముతో చేసి యుంచితిని.

"నాన్నగారూ, ఎనిమిదో తేదీ గడ్గోరు దగ్గర మీరేం చూశారు?" అని యడిగితిని.

ఆయన నావైపు తిరిగిరి. కన్నులలో పొర వచ్చి చాలదినములైనది. ముఖము మాత్రము తిరుగును.

"ఏం చూస్తానురా? నెత్తిమీద తలుపు మూసేసి ఉంటుంది. పెరిస్కోపులో చూస్తే జానెడు నేల, ఆపైన దుమ్ము. చెవిలో పైవాడు ఎడమ అంటే ఎడమకి తిప్పాను, ఆగమంటే ఆగాను, వెనక్కంటే వెనక్కి తోలాను. ఏ ఊరో, ఎవరు గెలిచారో సాయంత్రం పెట్రోలు లారీ వాళ్ళు చెబితేనే తెలిసేది."

నా కాగితము నా చేతిలోనే యుండెను. అరువదియేండ్లుగా సంజయుడనుకొన్నవాడు ఏమియు చూడలేదు. చూచి దాచినది కాదు, ఆయనకు చూపనేలేదు. మేమందఱము ఆయన జెండాకు వందనము చేయునప్పుడు ఆ కన్నులవెనుక మహాయుద్ధమున్నదని యనుకొంటిమి. ఉన్నది దుమ్ము. దుమ్ములో ఒక కంఠస్వరము.

"ప్యాటన్ బండి కూడా పక్కన పెడతాడట మనవడు," అంటిని, ఏదో యొకటి యనవలెనని.

"వద్దు."

"ఏమండీ?"

"అందులోనూ ముందు ఒక డ్రైవరుంటాడు."

తరువాత చాలసేపు మాటలాడలేదు. నేను లేవబోవుచుండగా ఆయనయే మొదలుపెట్టిరి. తమ వరుసలో ప్రక్కబండిని తోలువాడొక తమిళుడట. ఇద్దఱికిని ఒకరి భాష ఒకరికి రాదు. వంటశాలకడ ఒకరి చాయ్ గ్లాసు ఒకరు పట్టుకొని నిలుచుండెడివారట. ఒకనాటి సాయంకాలము ఆ బండి కాలినది. పైనున్నవారిలో దూకినవారు దూకిరి.

"ముందు తలుపు తెరుచుకోలేదు," అనిరి తండ్రిగారు. ఇంక దానిని గూర్చి ఆయన చెప్పలేదు, నేనడుగలేదు.

"మరి ఏ రోజు బండి చెయ్యమంటారు?" అంటిని కొంతసేపటికి.

ఆయనకు వెదకికొన బనిలేకపోయెను. "ఇరవై మూడు. తెల్లారి."

1965 సెప్టెంబరు 23వ తేదీ తెల్లవాఱుజామున మూడున్నరగంటలకు కాల్పులవిరమణ అమలునకు వచ్చినది. చరిత్రపుస్తకములలో ఆ దినమునకు ఒక వాక్యమును మించి దొరకదు. వెంటనే తాష్కెంటు ఒడంబడిక, 1966 జనవరి 10. ఆ యుదయమున ఏమి జరిగినదో నాకు తండ్రిగారు చెప్పిరి. యంత్రము ఆపమనిరట. ఆపగా చెవులలో హోరు మాత్రము మిగిలినదట. నాయకుడు తలుపు తీయవచ్చుననెను. తీసి, తల పైకెత్తి, భుజములవఱకు లేచి కూర్చుండిరట. ఎదుట చెఱకుతోట, అది చెఱకుతోటయని అప్పుడు తెలిసినదట. మూడుదినములుగా దాని ప్రక్కననే యుండిరి.

నేను మరల పని మొదలుపెట్టితిని. అంతవఱకు అతికినదానిలో సగము ఊడదీయవలసివచ్చెను. నాయకుని తలుపు తెఱచితిని. సారథి తలుపులు రెండురెక్కలు. వానిని కుడియెడమలకు తెఱచి అతికితిని. ప్రక్కలను కాపాడు ఇనుపరేకులను రెండువైపుల వరుసగ నిలిపియుంచితిని; ఎడమప్రక్క ముందురేకు గట్టుకు తగిలి ఎప్పుడో ఊడిపోయినదని తండ్రిగారు చెప్పిరి, తీసివేసితిని. రంగు సంగతి యడుగగా, "దాని రంగేదో మాకే కనపడేది కాదు, దుమ్మే రంగు" అనిరి. సుద్దను నూఱి, మా పెరటిమట్టిని వస్త్రగాలితము పట్టి అందు కలిపి, కుంచెతో అద్దితిని. ఆయుర్వేదము చదువకున్నను ఆ విద్య ఇక్కడ ఉపకరించినది. ఫిరంగిగొట్టము సంగతి యడిగినచో, "దాంతో నాకేం పని? అది పైవాళ్ళది" అనిరి. కాగితపు జెండాను చించివేసితిని.

సారథిని మైనముతో చేసి, భుజములవఱకు బయటికి వచ్చినట్లు నిలిపితిని. ముఖము గింజంత, పోలిక తేవలెనని మూడురాత్రులు ప్రయత్నించి విడిచితిని.

శూద్రకుని మృచ్ఛకటికమును విద్యార్థులకు బోధించినప్పుడెల్ల, చారుదత్తుని కొడుకు పొరుగింటి బంగారుబండి కావలెనని యేడ్చి, మట్టిబండి వలదను ఘట్టమును నేను తొందరగ దాటించెడివాడను. వసంతసేన తన నగలతో ఆ మట్టిబండిని నింపుటయే నాటకమునకు ముఖ్యమని చెప్పెడివాడను. నగలు లేని మట్టిబండి నొకదానిని ఎనిమిది నెలలు చేతులలో పెట్టుకొన్నపిమ్మట, ఆ పిల్లవాని మట్టిబండిని చేసినవారెవరో శూద్రకుడు ఇంకొంచెము చెప్పియుండిన బాగుండుననిపించుచున్నది.

శాంతి జరిగిననాడు, హోమము ముగిసి బంధువులు భోజనములకు లేచినపిమ్మట, పీటమీద కూర్చున్న తండ్రిగారి యొడిలో దానిని ఉంచితిని. ఆయన చూడలేరు. రెండుచేతులతో తడిమిరి. వ్రేళ్ళు క్రిందనుండి మొదలైనవి. చక్రములను ఒక్కొక్కదానిని ముట్టి, "ఒకటి, రెండు, మూడు…" అని ఆఱువఱకు లెక్కపెట్టి, రెండవవైపునను లెక్కపెట్టిరి. ఎడమప్రక్క రేకు లేనిచోట వ్రేలు ఆగినది, తల యూచిరి. పైకి వచ్చి, గొట్టమును ముట్టక ప్రక్కకు తప్పించి, ముందుభాగమున కుడివైపునకు చేయి పోనిచ్చిరి. తెఱచియున్న రెక్కలు రెండును, వాని నడుమ మైనపుతలయు వ్రేలికి తగిలినవి. అచ్చట చాలసేపు చేయి నుంచిరి. మా భార్య ఆకు వేసితినని రెండుసార్లు పిలిచినది.

"చాయేదిరా?" అనిరి.

ఆ యుదయమున లోపలిపాత్రలో కాచిన తేనీరు చేతికిచ్చిరనియు, రెండు గ్లాసులు పట్టుకొని కూర్చుంటిననియు ఆయన చెప్పియుండలేదు. అప్పుడు చెప్పిరి. మఱునాడు నేను లెక్కవేసితిని: గ్లాసెత్తు తొమ్మిది సెంటీమీటర్లనుకొన్నచో 35వ వంతు రెండున్నర మిల్లీమీటర్లు. బియ్యములోని నూకలు రెండు ఏరి, రంగువేసి, మైనపుమనిషి ముందు, తలుపు అంచుమీద, ప్రక్కప్రక్కగ అతికితిని. నాకు భూతద్దము లేనిదే అవి కనబడవు. బండి ఇప్పుడు తండ్రిగారి మంచముప్రక్క అలమారులో నున్నది. చూడవచ్చినవారిని ఎవరినైనను ఆయన మొదట అడుగునది గ్లాసులు రెండును ఉన్నవా యని.